లాక్ ఉన్న పిస్తోలు

మా ఆయన పిస్తోలు కొంటానన్నప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే, లాక్ ఉన్నదే కొనాలని. తెలంగాణ వచ్చాక చౌటుప్పల్ చుట్టుపక్కల భూముల ధరలు పెరిగాయి. ఆయన వెంచర్లు వేయడం మొదలుపెట్టాడు. ఒక హద్దు తగాదాలో ఎవరో ఫోన్లో బెదిరిస్తే, ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. నేను సర్కారు బడిలో లెక్కల టీచర్ని. తుపాకుల గురించి నాకు తెలిసింది సినిమాల్లో చూసిందే.

నా తమ్ముడు ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసు. లాక్ ఉండాలా వద్దా అని బావా బావమరుదులు మా హాల్లో కూర్చుని ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. రివాల్వరుకు లాక్ ఉండదు కాబట్టి పట్టుకున్నవాడు భయంగా పట్టుకుంటాడని, ట్రిగ్గర్ మీదికి వేలు పోనివ్వడని తమ్ముడు చెప్పాడు. లాక్ మీట ఉంటే కొన్నాళ్లకు మనిషి తన వేలి సంగతి మరిచిపోయి మీటను నమ్ముకుంటాడన్నాడు. పిల్లలు తిరిగే ఇంట్లో లాక్ లేని తుపాకి ఎవడన్నా పెట్టుకుంటాడా అని మా ఆయన నవ్వాడు. నేను ఆయన వైపే మాట్లాడాను.

పిస్తోలు వచ్చాక ఆయనకొక అలవాటైంది. నలుగురు కూడిన చోట దాన్ని బయటికి తీసేవాడు. బొటనవేలితో మీట జరిపి, ట్రిగ్గర్ నొక్కి చూపించేవాడు. అది కదిలేది కాదు. చూసినవాళ్లు ఊపిరి బిగబట్టి, తర్వాత నవ్వేవాళ్లు. మా హెడ్మాస్టరమ్మ గృహప్రవేశంలో కూడా అదే చేశాడు. ఆమె తింటున్న పళ్లెం పట్టుకుని లేచి పక్కగదిలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు స్టాఫ్‌రూములో ఆమె ఎదురుగా కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఇంటికొచ్చి అడిగితే, లాక్ వేసే కదా చూపించింది అన్నాడు.

కల్వకుర్తిలో మా వదిన ఉంటుంది, ఆయన అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆయన్ను ఎత్తుకుని పెంచింది ఆమే. ఆమె మనవడికి ధోతి ఫంక్షన్ చేసిన రోజు భోజనాలయ్యాక మగవాళ్లంతా వరండాలో కూర్చున్నారు. వదిన పక్కనే మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్లకు ఇవ్వడానికి తమలపాకులు సర్దుతోంది. ఎవరో పిస్తోలు సంగతి ఎత్తారు. నేను గుమ్మంలో నిలబడి, వద్దని కళ్లతోనే సైగ చేశాను. ఆయన చూశాడు. చూసి కూడా బయటికి తీశాడు. "గిట్ల లాక్ ఏసినమంటే దీనికీ రాయికీ ఫరక్ లేదు," అని మీట జరిపాడు. ఎప్పటిలాగే ట్రిగ్గర్ నొక్కాడు.

చెవులకు గడియలు పడ్డట్టయింది. మనుషుల నోళ్లు కదులుతున్నాయి గానీ మాట వినబడలేదు. వదిన తన ఎడమ అరచేతిని వింతగా చూసుకుంటోంది. తూటా అందులోంచి పోయి గోడలో దిగింది. మీట పూర్తిగా పడలేదో, తిరగేసి జరిపాడో, ఆయనకే తెలియదు.

కారులో జడ్చర్ల మీదుగా పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. ఆయన నడుపుతున్నాడు. వదిన చేతికి చుట్టిన తువ్వాలను నేను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చాలా దూరం ఏడవకుండానే వచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది, "లాక్ ఉన్నదంటివి గద తమ్మీ." ఆయన అద్దంలోంచి కూడా ఆమెను చూడలేదు. "ఏసిన్నే అక్కా," అన్నాడు.

తుపాకి గాయం కాబట్టి దవాఖాన వాళ్లు పోలీసులకు చెప్పారు. కట్టు కట్టాక ఎస్సై వచ్చి మంచం పక్కన నిలబడి, ఎట్లా జరిగిందని వదినను అడిగాడు. మేమెవరమూ నేర్పలేదు. ఆమె తడుముకోకుండా చెప్పింది.

"నేనే గుంజుకున్న సారూ, ఎట్లుంటదో సూద్దమని. మా తమ్మునిది తప్పేం లేదు."

నేను మా ఆయన వైపు చూశాను. అక్క మాటను ఆయన ఖండిస్తాడనే అనుకున్నాను. ఆయన కిటికీ చువ్వ పట్టుకుని బయటి చెట్లను చూస్తున్నాడు. ఎత్తుకుని పెంచిన మనిషి పగిలిన చేత్తో తన తప్పును నెత్తిన వేసుకుంటుంటే ఊరికే నిలబడ్డాడు. అంత సిగ్గు నా జీవితంలో ఎన్నడూ పడలేదు. ఆయన భార్యగా ఆ గదిలో ఉండటమే నాకు సిగ్గనిపించింది. ఎస్సై రాసుకుని కాగితం మడుస్తుండగా నా నోరు పెగిలింది.

"అది నిజం కాదు సార్. ఆయన చేతిలనే పేలింది. నేను చూసిన."

ఎస్సై మళ్లీ కాగితం విప్పాడు. నన్ను తప్పుపట్టింది ఆయన కాదు, వదిన. "బయటిదాననిపించుకుంటివి," అని మొహం గోడ వైపు తిప్పుకుంది. నిజం చెప్పాక ధైర్యంగా ఉంటుందని బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. నేను మాత్రం ఆ మంచం పక్కన నిలబడలేక వరండాలోకి వచ్చేశాను.

కేసు నడుస్తోంది. పిస్తోలు పోలీసులు తీసుకుపోయారు, లైసెన్సు రద్దయింది. మీటలో ఏ లోపమూ లేదని పరీక్ష చేసినవాళ్లు రాసిచ్చారు. ఆ మాట చెప్పడానికి వచ్చిన తమ్ముడు, తను అప్పుడే చెప్పానని అనలేదు. అంటే బాగుండేదనిపించింది. వెళ్లేముందు మాత్రం, "బావను ఏమనకు అక్కా, ఆయనకూ నిద్ర పడతలేదు," అన్నాడు.

వదిన చేతిలో రెండు వేళ్లు ముడుచుకోవు. జడ కోడలు వేస్తుంది. కల్వకుర్తి పోయినప్పుడు ఆయనతో ఎప్పటిలాగే మాట్లాడుతుంది, నాకు మాత్రం కోడలి చేత టీ పంపిస్తుంది. మొన్న పోయినప్పుడు పక్కింటాయన వచ్చి చేయి ఎట్లుందని పలకరించాడు. మా ఆయన అందుకుని, లాక్ ఖరాబుండె, కంపెనీవాళ్లదే తప్పు అన్నాడు. వదిన అవునన్నట్టు తలూపింది. పక్కింటాయన నా వైపు తిరిగి, "లాక్ను నమ్ముకుంటే గంతే గద టీచరమ్మా," అన్నాడు.

నేనూ తలూపాను.