పేరు చెప్పని ప్రార్థన

మా స్త్రీల కూడికలో "ప్రార్థన అంశం" అనే మాట వింటే ఇప్పటికీ నేను కళ్లు మూసుకోను. దేవుడి మీద కోపం కాదు. ఆ మాట చాటున ఏం జరుగుతుందో చూశాను.

ఆ గురువారం కూడిక ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో, మా అక్క క్వార్టర్‌లో. అక్కే మా స్త్రీల సమాజానికి పెద్ద. అందరం ముసుగులు సర్దుకుని కళ్లు మూసుకున్నాక, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"ఒక సెల్లి గురించి బారంతో పార్దన సెయ్యండమ్మా. పేరు సెప్పను. పూరీ గేట్ కాడ ఉంటాది. సండే స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పుతాది. మనసు బాగోక మందులు మింగుతోంది, పాపం."

మా సండే స్కూల్లో పాటలు నేర్పేది ఒకే ఒక్క పిల్ల. అక్కని నమ్మి, ఏడ్చి చెప్పుకున్న సంగతి అది. చుట్టూ "అయ్యో ప్రభువా" అని నిట్టూర్పులు. నేను కళ్లు తెరిచేసరికి సగం మంది అప్పటికే తెరిచి ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆమేన్ అయ్యాక టీ, సమోసాల్లాంటి శింగారాలు వచ్చాయి. శింగారాల్లోకి ఆ పిల్లనే నంజుకున్నారు. నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. టీ తాగకుండా వచ్చేశాను.

ఆదివారం సండే స్కూల్లో ఆ పిల్ల ముందు చాప ఖాళీ. తల్లులు పిల్లల్ని తమ పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఆ పిల్ల కంజిర ఒళ్లో పెట్టుకుని కాసేపు ఎదురుచూసి, చాప చుట్టేసి వెళ్లిపోయింది.

తప్పు చేసినవాళ్లకి ముందు ఒంటరిగా చెప్పాలని చిన్నప్పుడు నాకు నేర్పింది అక్కే. అందుకే ఆ మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్లాను.

"అక్కా, నువ్వు సేసింది పార్దన కాదు. సాడీ."

"ఏటే, నానేటి తప్పు సేసినాను? పేరు సెప్పినానా?"

"పేరు తప్ప అన్నీ సెప్పినావు. ఆ పిల్ల ఇల్లు దేవుడికి తెల్దేటి, పూరీ గేట్ అని గురుతులు సెప్పడానికి?"

ప్రార్థన చేసినా తప్పేనా అని ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు చూస్తే ఇంకా రోత పుట్టింది. లేచి వచ్చేద్దామనుకున్నాను. కానీ అమ్మ పోయాక నాకు జడలేసి పెంచిన మనిషి.

"నా అక్కవి కాబట్టే వచ్చినాను. ఇంకెవులైనా అయితే మొకం సూసేదాన్ని కాను. నడు, ఆ పిల్లని సెమాపన అడుగు. అడక్కపోతే వచ్చే కూడికలో అందరి ముందూ నానే సెప్తాను."

అక్క లేచింది. తర్వాత మొహం కడుక్కుని, చెప్పులు వేసుకుంది. టోటో రిక్షా ఎక్కి ఆ పిల్ల ఇంటికి వెళ్లాం.

ఆ పిల్లే తలుపు తీసింది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అక్క ఈసారి నిజంగానే ఏడ్చింది. "నా నోరు పాడు నోరమ్మా. నన్ను సెమించు."

"సెమించినాను పెద్దమ్మా."

అక్కకి ప్రాణం లేచొచ్చింది. అలవాటుగా ముసుగు సర్దుకుని, "రా తల్లీ, నీ గురించి పార్దన సేస్తాను" అని చెయ్యి చాచింది.

ఆ పిల్ల వెనక్కి జరిగింది.

"పార్దన మాత్రం వద్దు పెద్దమ్మా. ఆ తల్లులకి ఆళ్ల పిల్లల్ని మళ్లీ పాటలకి పంపమని సెప్పండి, సాలు."