తిడుతూ యునిక్స్ నేర్పిన సారు

మా సారు పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. చేసింది మా యార్డు గేటు దగ్గరుండే మనిషి. “మీ తిట్ల సారు పోయినాడంటమ్మా. గుండెపోటంట” అన్నాడు. పొయ్యి మీద పాలు దించి, ఎప్పుడు తీసుకుపోతారట అని అడిగాను. ఏడుపు రాలేదు. ఆయనంటే నాకు ఇష్టం ఉండేది కాదు. నేనంటే ఆయనకు అంతకన్నా లేదు, ఆ సంగతి దాచుకునే మనిషీ కాదు. పోయారు కదా అని ఇప్పుడు నాలుగు మంచి మాటలు పేరిస్తే, యాడున్నా లేచి వచ్చి ముందు నన్నే తిడతారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సండూరు కొండల నుంచి ఇనుప ఖనిజం మోసే లారీలు మా యార్డులో తూకం వేయించుకుని, చీటీ తీసుకుని, రేవు దారి పట్టేవి. చీటీ లేకపోతే గేటు దాటనివ్వరు. ఆ చీటీ కొట్టేది ఒక పాత కంప్యూటరు. దాంట్లో విండోస్ లేదు, యునిక్స్ ఉండేది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, మౌసు లేదు. ఏం కావాలన్నా మాట టైపు చేసి అడగాలి. దాన్ని మొదట ఎక్కించింది, అప్పటినుంచీ నడిపిస్తున్నది సారే. ఆయనది బళ్ళారి కౌల్ బజార్‌లో బట్టల వ్యాపారం చేసే ఇల్లు. అన్నదమ్ములంతా అంగట్లో కూర్చుంటే ఈయన ఒక్కరే ఈ ఎర్రదుమ్ములోకి వచ్చారు.

నాది బళ్ళారి పక్కన మోక అనే ఊరు. మా నాన్న జొన్న, పత్తి వేస్తాడు. బళ్ళారిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డాసూ విండోసూ నేర్చుకుని ఈ ఉద్యోగంలో చేరాను. కొన్నాళ్ళకు యార్డంతా విండోస్‌కి మారుస్తామని, అందాకా సారు దగ్గర పాత మిషను పని నేర్చుకోమని మేనేజరు నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టాడు. తన కుర్చీలోకి నన్ను తెచ్చారని సారుకు ఆ రోజే తెలుసు. నాకూ తెలుసు.

“ఫైళ్ళు ఏమేముండాయో చూపించు” అన్నారు, పేరు కూడా అడక్కుండా.

డిర్ అని కొట్టాను. అలాంటి మాట నాకు తెలీదంది మిషను.

“డిర్ అంట! ఈడ మీ డాస్ భాష చెల్లదు. ఎల్ఎస్ కొట్టు.”

కొట్టాను. మళ్ళీ అదే జవాబు.

“చిన్నక్షరాలు! మీ డాసుకు పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఒకటే. దీనికి కాదు. కండ్లు తెరుచుకోని కొట్టు.”

ఆ రోజు నుంచి నా పేరు డాస్ పిల్ల. నేను లేవగానే కీబోర్డును మెత్తటి గుడ్డతో తుడిచేవారు. నేనేదో అంటుజబ్బు మనిషినైనట్టు, ఒక్కో మీటా తుడిచేవారు. టీ వస్తే ఒక్క కప్పే తెప్పించుకునేవారు. నేను నా టిఫిన్ డబ్బా తీసుకుని గోడవైపు తిరిగి తినేదాన్ని. ఆయన ఫ్యాను తనవైపు తిప్పుకునేవారు.

రెండో వారం ఒక అట్టమీద రెండు వరసలు రాసి గోడకు అంటించాను. ఒక వైపు డాస్ మాట, రెండో వైపు యునిక్స్ మాట. కాపీకి సీపీ, టైప్‌కి క్యాట్, డెల్‌కి ఆర్ఎం. సారు వచ్చి చదివారు. చదివి, పీకి, రెండుగా చించి బుట్టలో వేశారు.

“అర్థాలు బట్టీ కొడితే పని వస్తాదా? డెల్‌కు ఆర్ఎం అని రాసినావు. రెండూ ఒకటేనా?”

“రెండూ ఫైలు తీసేసేవే కదా సార్?”

“మీ డాసులో అన్నీ ఒకేసారి తీసేయమంటే, నిజంగానా అని ఒక మాట అడుగుతాది. పోయినవాటిని కొన్నిసార్లు మళ్ళీ తెచ్చుకోవచ్చు కూడా. ఇది అడగదు. తీసేయమంటే తీసేస్తాది. అడగనోడితో పనిచేసేటప్పుడు నిన్ను నువ్వే అడుక్కోవల్ల.”

ఆ చించిన అట్ట ముక్కలు చూసి ఆ సాయంత్రం బస్సులో మోక దాకా పళ్ళు కొరుకుతూనే ఉన్నాను. కానీ ఇప్పటికీ ఏదైనా తీసేసే ముందు నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం ఆయన పెట్టిందే.

ఇంకోసారి, ఏ ఫోల్డరులో ఉన్నానో చూద్దామని ఉత్త సీడీ అని కొట్టాను. డాసులో అలా కొడితే మనమెక్కడున్నామో చెబుతుంది. ఇదేమీ చెప్పలేదు. సారు నా కుర్చీని కాలితో వెనక్కి నెట్టారు.

“ఇప్పుడు యాడుండావు?”

“ఉన్నచోటే సార్.”

“లేవు. ఇది నిన్ను ఇంటికి, అంటే నీ మొదటి ఫోల్డరుకు తీసుకపోయింది. యునిక్సులో ఉత్త సీడీ అంటే ఇంటికి పోదాం పా అని. నోరు తెరవకుండా తీసుకపోతాది. యాడుండావో తెలుసుకోవల్లంటే పీడబ్ల్యూడీ కొట్టల్ల.”

రోడ్లు వేసే ఆఫీసు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. “నగు, నగు. యాడుండావో తెలీకుండా ఏ పనీ మొదలుపెట్టొద్దు” అన్నారు. కోపంలోనూ అంత సరిగ్గా చెప్పగలిగేవారు. ఒక్క విషయం కూడా నా దగ్గర దాచలేదు. తన కుర్చీ లాక్కునేదానికి వచ్చినదాన్ని అంత సంపూర్ణంగా తయారుచేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అయినా ఆ తిట్లలో ఒక్కటీ నేను మరిచిపోలేదు.

కడకు మేనేజరుతో గొడవైంది. పాత మిషనూ పాత మనిషీ రెండూ తుక్కే అని మేనేజరు అందరి ముందూ అన్నాడు. సారు అప్పుడే చొక్కా జేబులోంచి కాబిన్ తాళం తీసి బల్లమీద పెట్టారు. నన్ను పిలిచి మిషను అసలు పాస్‌వర్డు చెవిలో చెప్పారు. “నువ్వు తెలివైనదానివని పెట్టుకోలేదు. చవగ్గా దొరికినావని పెట్టుకున్నారు. గుర్తుపెట్టుకో” అని వెళ్ళిపోయారు.

విండోస్ కంప్యూటర్లు ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి. వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, జనరేటరు అందుకోక, మిషను నడుమలో ఆగిపోయింది. కరెంటు వచ్చాక లేచింది కానీ పూర్తిగా లేవలేదు. లోపల లెక్క చెడింది, చేత్తో సరిచేయమని తెర మీద రాసి కూర్చుంది. బయట లారీలు రోడ్డు దాకా నిలిచిపోయాయి. డ్రైవర్లు మొదట హారన్లు కొట్టారు, తర్వాత కాబిన్ తలుపు కొట్టారు. “యామ్మా, ఏం చేస్తాండావు లోపల? ఆడపిల్లను కూర్చోబెడితే ఇంతే!” మేనేజరు తలుపు బయట గడియ పెట్టించి, నా మంచికేనని చెప్పి, తన గదిలోకి పోయాడు.

నాకు దిక్కు తోచక సారుకు ఫోను చేశాను.

“నాకేం సంబంధం? మీ విండోసును పిలుచుకోండి” అని పెట్టేశారు.

అప్పుడే ఒక రాయి వచ్చి కిటికీ అద్దం పగిలింది. గాజు ముక్కలు కీబోర్డు మీద పడ్డాయి. దులపబోతే అరచేయి కోసుకుంది. బల్ల కింద కూర్చుని, ఈ ఉద్యోగాన్నీ మేనేజరునీ సారునీ వరసగా తిట్టుకున్నాను.

ఎంతసేపైందో, బయట సారు గొంతు వినిపించింది. “యోవ్, రాయి కింద పెట్టు! పిల్ల తల పగిలితే నీ బండి తూగుతాదా?” బళ్ళారి నుంచి ఖాళీగా వచ్చే లారీ ఎక్కి వచ్చారట. మొహమంతా ఎర్రమన్ను. గడియ తీయించి మేనేజరు, “బన్ని సార్, లోపలికి రండి” అన్నాడు.

“ఆ వాకిలి నేను దాటను” అన్నారు సారు. పగిలిన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. వెనక డ్రైవర్లు తోసుకుంటున్నారు.

“డాస్ పిల్లా, లెయ్. మీ చెక్‌డిస్క్‌ను ఈడ ఏమంటారు?”

“ఎఫ్ఎస్‌సీకే సార్.”

“కొట్టు. ఇప్పుడు ఇది అడుగుతాది. అన్నిటికీ ఊ అనొద్దు. ఒకొక్కటి గట్టిగా చదువు.”

చదివాను. అరచేతి నుంచి నెత్తురు మీటల మీద పడుతోంది. “ఒక ఫైలును తీసేయాల్నా అంటాంది సార్!”

“సైజు ఎంత ఉండాది?”

“సున్నా!”

“వై కొట్టు.”

మరోచోట “ఆగు!” అని అరిచారు. “అది తూకంది. దాన్ని ముట్టొద్దు. ఎన్ కొట్టు.” వెనక ఒకడు ఆయన భుజం పట్టి లాగాడు. చేయి విదిలించుకున్నారే కానీ తెర మీదినుంచి చూపు తిప్పలేదు. అట్లా ప్రశ్న ప్రశ్నకూ జవాబు చెప్పించారు. చివరికి మిషను పూర్తిగా లేచింది. మొదటి లారీ తూకం మీదికి ఎక్కింది. చీటీ బయటికి వస్తుంటే డ్రైవర్లు ఈలలు వేశారు.

మేనేజరు చేతులు జోడించి, రేపటినుంచి రమ్మన్నాడు. సారు అతని వైపు చూడనైనా లేదు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, థాంక్స్ సార్ అన్నాను.

“నీ కోసం రాలేదు. ఆ మిషను నేను ఎక్కించింది. దాన్ని తన్ని చంపుతాంటే సుమ్నె, ఊరికే కూర్చోవల్లనా? చేతికి కట్టు కట్టుకో. మీటలు తుడువు” అన్నారు. అక్కడినుంచి ఒక లారీ ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఒక్కసారి కౌల్ బజార్‌లో ఎదురుపడ్డారు. నమస్కారం పెట్టాను. “ఇంకా ఆడే ఉండావా?” అని, జవాబు వినకుండా ఆటోల నడుమ దాటి పోయారు.

సోమవారం వాళ్ళింటికి వెళ్ళాను. నడిమింట్లో పడుకోబెట్టి ఉన్నారు. తల దగ్గర ఆయన భార్య దువ్వెన పట్టుకుని కూర్చుంది.

“ఎవరమ్మా నువ్వు?”

“సారు దగ్గర పని నేర్చుకున్నానక్కా.”

“నిన్నూ తిడతాండెనా?”

“రోజూ.”

“అయితే మా ఇంటి మనిషివే. కూర్చో.”

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మళ్ళీ ఆయన వైపు తిరిగింది. “ఒక్క దినమన్నా నాతో నిమ్మళంగా మాట్లాడితివా? ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా పండుకున్నావో” అంటూ దువ్వుతోంది. చెంపల దగ్గర దువ్వుతుంది, పాపిడి తీస్తుంది, నచ్చక చెరిపేస్తుంది. టైమవుతోంది లెయ్ వదినా అని మరుదులు రెండుసార్లు వచ్చి అడిగారు. “ఉండండప్పా, క్రాపు కుదరల్లేదు” అని, ఎడమచేత్తో ఆయన గడ్డం పట్టుకుని, మొదటినుంచీ మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది.