ఒరుగులు వేయని పులుసు

మా అమ్మమ్మ చేతి వంట తిన్నాక మర్నాటి సాయంత్రం చూసినవాళ్ళు భీమవరం చుట్టుపక్కల పది ఊళ్ళలో ఒక్కరు కూడా లేరు. యముడైనా ఎప్పుడో ఒకసారి దారి తప్పి ఉత్తచేతులతో వెనక్కి వెళ్ళి ఉంటాడు. మా అప్పాయమ్మ మాత్రం గిన్నె పట్టుకుని వెళ్ళిన ఇంటి నుంచి పని పూర్తికాకుండా తిరిగి రాలేదు. రెండువేల ఆరు నాటికి లెక్క పద్దెనిమిది మంది.

ఇది చదివి ఎవరూ పోలీసులకు చెప్పనక్కర్లేదు. మా వైపు ఒక నమ్మకం ఉంది. బాగా పెద్దవాళ్ళు మంచాన పడి, ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాక కూడా వారాల తరబడి ప్రాణం కొట్టుకుంటూ ఉంటే, ఏదో తినాలన్న కోరిక లోపల ఉండిపోయిందంటారు. అదేమిటో కనుక్కుని, వండి, నాలిక మీద ఒక చుక్క వేస్తే సుఖంగా వెళ్ళిపోతారట. ఆ వంటకి మా ఊళ్ళో అమ్మమ్మనే పిలుస్తారు.

వండడం కంటే కనుక్కోవడంలో ఉంది ఆవిడ గొప్ప. ఆశీర్వాదం మేస్టారికి మాట పడిపోయి కుడిచేతి వేళ్ళు మాత్రం కదులుతూ ఉంటే, ఇంట్లోవాళ్ళు బైబిలు తెచ్చారు, కళ్ళజోడు తెచ్చారు, చివరికి పెన్ను కూడా తెచ్చారు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం చూసి, "రాయడం కాదండీ అది. ఉండ చుడుతున్నారు" అంది. సున్నుండ చేసి, పాలలో మెదిపి, చెంచాతో పెట్టింది. మేస్టారు మర్నాడు భోజనాల వేళకి ముందే పోయారు. ఆయన భార్య దీనమ్మగారు ఇప్పటికీ అమ్మమ్మ కనిపిస్తే రెండు చేతులూ పట్టుకుని వదలరు. అయితే ఆ చేతులు ఇస్తే మంచినీళ్ళైనా తాగరు. ఊరంతా అంతే. పెళ్ళి బంతిలో అమ్మమ్మ గరిటె పట్టుకుని వడ్డనకి దిగిందంటే, అరవై దాటినవాళ్ళు ఇక చాలని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేస్తారు.

నేను మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడ వంటే తింటున్నాను. పదో తరగతి ఇంగ్లీషు రెండుసార్లు తప్పడం మించి నాకే ఆపదా రాలేదు.

ఆ ఏడాది ఆషాఢంలో పిలుపు అమ్మమ్మ సొంత అక్క ఇంటి నుంచే వచ్చింది. ఆవిడ పేరు చిన్నమ్మాయి. వయసు ఎనభై ఎనిమిది. చూసుకునే కోడలి పేరు పాపాయి, ఆవిడకి యాభై దాటాయి. ఆ ఇంట్లో ఎవరూ పెద్దవాళ్ళు కారని నేను అంటూ ఉండేదాన్ని. తుంటి ఎముక విరిగి పెద్దమ్మమ్మ అప్పటికి ఏడు నెలలుగా మంచం మీదే ఉంది. వీపంతా పుండ్లు. పాపాయత్త రోజుకి నాలుగైదు సార్లు ఆవిడని పక్కకి తిప్పి, తుడిచి, మందు పొడి చల్లేది. తిప్పినప్పుడల్లా పెద్దమ్మమ్మ పెట్టే కేక మా వీధి దాకా వినపడేది.

"చిన్నత్తగారూ, నోరు తెరిచి అడిగారండి" అంది పాపాయత్త, మా అరుగు మీద కూర్చుని. "బొమ్మిడాయిల పులుసు కావాలంట. మీ అమ్మగారు వండినట్టే ఉండాలంట. ఇంక మీరే రావాలండి. నేను చూడలేకపోతున్నాను."

ఎవరి ఇంటికైనా కబురు అందిన పూట చీర కూడా మార్చుకోకుండా పరుగెత్తే మనిషి, ఆ రోజు కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. "ఇప్పుడు బొమ్మిడాయిలు ఎక్కడ దొరుకుతాయే. పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయి" అంది. అది అబద్ధం కాదు. కానీ కాలవ మీద వల వేసే చిట్టియ్య నాలుగో రోజుకల్లా బతికున్నవే ఒక బిందెలో తెచ్చి గుమ్మంలో పెట్టేశాడు.

బొమ్మిడాయి చేప వేలు లావున పాములా ఉంటుంది, చేతిలో నిలవదు. అమ్మమ్మ వాటిని బూడిద వేసి గరుకు బండ మీద రుద్ది, జిగురంతా పోగొట్టి, మట్టి దాకలో పులుసు పెట్టింది. గిన్నె నేను మోశాను. పెద్దమ్మమ్మ ఒక్క చెంచా నోట్లో వేయించుకుని, కాసేపు అలాగే ఉంచుకుని, మింగి, మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"ఇది అమ్మ పులుసు కాదే, అప్పాయీ."

వారం పోయాక మళ్ళీ వండింది. మళ్ళీ అదే మాట. మూడోసారి పెద్దమ్మమ్మ పెదాలు బిగించేసింది.

మూడోసారి వండుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. అమ్మమ్మ చింతపండు పిసుకుతోంది. మా ఇంట్లో బొమ్మిడాయిల పులుసులో చింతపండు వేయగా నేనెప్పుడూ చూడలేదు. ఎండాకాలంలో పచ్చిమామిడి ముక్కలకి ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఒరుగులు నానేసి వాటితోనే పెడుతుంది. అది వాళ్ళమ్మ పద్ధతి.

"ఒరుగులు వేయలేదేంటే అమ్మమ్మా?" అన్నాను.

"అయిపోయాయి."

నేను స్టూలెక్కి అటక మీది జాడీ దించి మూత తీశాను. సగానికి పైనే ఉన్నాయి.

"మరి ఇవేంటి?"

"నీ మొహం. తీసినచోట పెట్టు."

పెట్టేశాను. ఏమీ అర్థం కానట్టు నటించాను కానీ, అర్థమైంది. ఆవిడకి అప్పటికి ఎనభై ఒకటి. నాకు అమ్మమ్మ, మా అమ్మకి అమ్మ, పాపాయత్తకి చిన్నత్తగారు, ఊరికి అప్పాయమ్మగారు. "ఒసే అప్పాయీ" అని పిలిచే నోరు లోకం మొత్తం మీద ఒక్కటే మిగిలింది. ఆ నోటికి సరైన పులుసు పెడితే ఏమవుతుందో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. రోజూ మధ్యాహ్నం అక్క మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, రెండు గంటలు తిట్లు తిని, ముఖం కడిగినట్టు తేటగా ఇంటికి వచ్చేది.

ఆ రోజుల్లో నేను భీమవరంలో మా మామయ్య సీడీల షాపులో కూర్చునేదాన్ని. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు రకరకాల డిస్కులు తెచ్చి ఇచ్చేవాళ్ళు. అలా ఒక జపాను బొమ్మల సీరియల్ వచ్చింది. బొమ్మలన్నాను కదా అని చిన్నపిల్లలకి పెడితే జ్వరం వస్తుంది, అంత రక్తం. మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఆదివారం సాయంత్రాలు అమ్మమ్మని కూర్చోబెట్టి, సగం చదివి సగం కల్పించి చెప్పేదాన్ని.

కథలో ఒక మత్స్యకన్య ఉంటుంది. నడుం దాకా ఆడమనిషి, కింద చేప. దాని మాంసం తిన్నవాళ్ళకి చావు రాదు. చాలామందికి ఒళ్ళంతా పొలుసులొచ్చి, మతి పోయి, మృగాల్లా తిరుగుతారు. ఒక జాలరి పిల్లకి మాత్రం ఏమీ కాదు. అదే దాని ఖర్మ. నాలుగు వందల ఏళ్ళుగా అదే పాతికేళ్ళ మొహంతో, ఎవరికీ అనుమానం రాకముందే ఊరు మారుతూ బతుకుతుంది.

అమ్మమ్మ మొదటి భాగం చూసి తేల్చేసింది. "పచ్చిది తిన్నారు. అందుకే అలా అయింది. పులుసు పెట్టుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు."

"పులుసు పెట్టడానికి అది మనిషే కదే, సగం."

"అదే అంటున్నాను. జుట్టు దువ్వుకుంటోంది చూడు. దాన్ని కొయ్యడానికి వాళ్ళకి చెయ్యెలా వచ్చిందో."

నాలుగో భాగంలో ఆ పిల్ల మరో ఊరు మారింది. "తలకి రంగు ఖర్చు లేదు, అదృష్టవంతురాలు" అన్నాను నేను. అమ్మమ్మ నవ్వలేదు. "ఎవరితోనైనా చిన్నప్పటి సంగతి చెప్పుకుందామంటే దానికి ఎవరున్నారే" అంది.

ఏడో భాగంలో ఆ పిల్లకి ఒక స్నేహితురాలు దొరికింది. ఇద్దరూ ఏటి ఒడ్డున బట్టలు ఉతుకుతూ నీళ్ళు చల్లుకుంటారు. స్నేహితురాలికి విషజ్వరం వస్తే, ఈ పిల్ల దాచుకున్న ఎండు మాంసం తునక ఒకటి గంజిలో కలిపి, చెప్పకుండా తాగించేసింది. జ్వరం తగ్గింది. ఏళ్ళు గడిచాయి. స్నేహితురాలి మొగుడు ముసలివాడై చనిపోయాడు. పిల్లలూ ముసలివాళ్ళై చనిపోయారు. అప్పుడు ఆవిడకి సంగతి తెలిసి, ఈ పిల్ల ముందు నిలబడి ఒకే ఒక మాట అంది. "నన్ను అడిగావా?" అక్కడ నేను కల్పించలేదు. చిన్న చిన్న మాటలే, నాకూ వచ్చాయి. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఒడ్డున, ఒకరికొకరు వీపు పెట్టుకుని కూర్చున్నారు. అలా నూరేళ్ళు గడిచాయని కింద రాసి ఉంది.

"ఆపు" అంది అమ్మమ్మ.

ఆపాను.

"ఆ మాట నీ సొంతమా?"

"కాదే. అక్కడ రాసుంది."

"ఏదీ, వేలు పెట్టి చూపించు."

వెనక్కి తిప్పి, బొమ్మని నిలబెట్టి, టీవీ అద్దం మీద ఒక్కో మాట కింద వేలు పెట్టి చూపించాను. అమ్మమ్మకి తెలుగు అక్షరమే రాదు. అయినా దగ్గరికి వచ్చి, నా వేలి కింద ఏముందో చాలాసేపు చూసింది. తర్వాత పమిట దులుపుకుని, "చిట్టియ్యని రేపు బొమ్మిడాయిలు తెమ్మను" అంది.

మర్నాడు జాడీ ఆవిడే దించింది. ఒరుగులు నానేసి వండింది. ఆ వాసనకే తెలిసిపోయింది నాకు, ఇదే మా ఇంటి పులుసని. గిన్నె నా చేతికి ఇవ్వలేదు, తనే పట్టుకుని నడిచింది.

పాపాయత్త పెద్దమ్మమ్మ తల కింద ఇంకో దిండు పెట్టి ఎత్తింది. అమ్మమ్మ అన్నం మెత్తగా కలిపి వేలితో నాలిక మీద రాసింది. పెద్దమ్మమ్మ కళ్ళు మూసుకుని చప్పరించింది.

"నెల రోజులు ఏడిపించావు కదే, అప్పాయీ" అంది కళ్ళు తెరవకుండానే.

"నీకు తెలుసా?"

"మొదటి చెంచాకే తెలుసు. అమ్మ దగ్గర ఇద్దరం కలిసే కదే నేర్చుకున్నాం."

"మరి అనలేదేం?"

"నీకే బుద్ధి వస్తుందని చూశాను."

అమ్మమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "నువ్వు పోతే నన్ను పేరు పెట్టి పిలిచేదెవరే అక్కా" అంది.

"ఎనభయ్యేళ్ళు పిలిచాను, చాల్లేదా? నిన్ను పిలవడానికి నేనీ మంచంలో కుళ్ళిపోవాలా?" అని, కాస్త ఊపిరి తీసుకుని, "ఇంకో ముద్ద పెట్టు" అంది.

మూడు ముద్దలు తింది. మంచాన పడ్డాక అంత తినడం చూడలేదంది పాపాయత్త. ఆ సాయంత్రం దాకా పెద్దమ్మమ్మ పిలుస్తూనే ఉంది. అప్పాయీ, నీళ్ళు. అప్పాయీ, ఆ కిటికీ వెయ్యి. అప్పాయీ, కిటికీ తియ్యి. అప్పాయీ, ఈగ. అక్కడ ఈగ లేదు. అమ్మమ్మ లేని ఈగని విసనకర్రతో తోలుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న పదింటికి, పాపాయత్త పెరట్లో బట్టలు ఆరేస్తుండగా, పెద్దమ్మమ్మ పోయింది.

సీరియల్ మిగిలిన భాగాలు అమ్మమ్మ చూడలేదు. "ఆ పిల్లకి చివరికైనా చావు వస్తుందా?" అని ఒక్కసారి అడిగింది. నేనింకా చూడలేదన్నాను. "చూశాక రాదని తేలితే నాకు చెప్పకు" అంది.

ఇదంతా రాశాక ఆవిడకి చదివి వినిపించాను. ఒరుగుల దగ్గర నేను మొదట ఇంకోలా రాశాను. పెద్దవయసు కదా, మూడుసార్లూ మరిచిపోయిందని. మా అమ్మమ్మని నలుగురూ తప్పు పట్టడం నాకిష్టం లేదు. ఆవిడ వింటూ వింటూ అక్కడ చెయ్యెత్తి ఆపింది.

"మర్చిపోలేదే. రోజూ అక్క వీపు చూసి ఇంటికొచ్చి, తెలిసి తెలిసి చెడగొట్టాను. అలాగే రాయి. లేకపోతే ఆ కాయితాలు పట్టుకెళ్ళి పొయ్యిలో పెట్టు."