సముద్రం చూడని సాక్షి

పశువుల అంగడిలో ఏది కొన్నా కొంత తరుగు తీయడం రివాజు. గొర్రె వానకు తడిసి ఉంటే ఉన్నిలోని నీళ్ళకు తరుగు, పొట్టేలు అప్పుడే తొట్టి దగ్గర కడుపు నింపుకుని వస్తే ఆ కడుపుకు తరుగు. అదే పద్ధతిన హమాలీ లింగం మాటకు కూడా తరుగు ఉండేది. అతను పది బర్రెలన్నాడంటే వినేవాడు మనసులో ఒకటి ఉంచుకుని తొమ్మిది వదిలేసేవాడు. ఆ ఒక్కటి కూడా చాలాసార్లు దూడే అయ్యేది. ఇందులో ఎవరికీ తగవు లేదు. చెప్పేవాడికి తెలుసు, వినేవాడికి తెలుసు, పక్కన నిలబడి నెమరేసే బర్రెలకు కూడా తెలుసు.

లింగం తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాడని సొంతూరు బొంతపల్లిలో అంటారు. అతను చెప్పేది వేరు. సారు దగ్గరున్న చదువంతా అయిపోయిందట, ఇంకా కూర్చుంటే ఆయన చిన్నబోతాడని తనే మర్యాదగా లేచి వచ్చేశాడట. ఇప్పుడు కాపురం పాశమైలారంలో, రెండు కంపెనీల గోడల మధ్య ఇరుకు కిరాయి గదిలో. భార్య నర్సింహమ్మ మందుల కంపెనీలో ఊడ్చే పనికి పోతుంది. లింగం మాత్రం ఏ కంపెనీ గేటూ దాటలేదు. కార్డు గీకి లోపలికి పోయి, సైరన్ మోగితే బయటికి వచ్చే బతుకు కోళ్ళదే గానీ మనిషిది కాదని అతని మతం. అతని జాగా సంగారెడ్డి దాటినాక హైవే పక్కన వారం వారం కూడే పశువుల అంగడి. అక్కడ కొన్న పశువులను బండ్లకు ఎక్కించే ముఠాలో అతనొకడు.

బర్రెను బండికి ఎక్కించడం బలంతో అయ్యే పని కాదు. మట్టి దిబ్బకు డీసీఎం వ్యాన్‌ను వెనక్కి ఆనిస్తారు. ముందు ఒకడు పలుపు పట్టుకుంటాడు, వెనక ఒకడు తోక దగ్గర ఉంటాడు. బర్రెకు ఇష్టం లేకపోతే పది మంది గుంజినా కదలదు. లింగం పలుపు పట్టి, దాని చెవి దగ్గర ఏదో ఒక ముచ్చట మొదలుపెట్టేవాడు. ఆఖరున ఏమైందో వినాలనే ఆత్రంలో బర్రె తనంతట తానే ఎక్కేదని చెప్పుకునేవాడు. వెనకున్నవాడు తోక మెలిపెట్టిన సంగతి మాత్రం ఆ ముచ్చటలో ఉండేది కాదు.

అన్ని ముచ్చట్లలోకి పెద్దది ఓడ ముచ్చట. ఒకప్పుడు తాను బర్రెల వెంట ఓడెక్కి గల్ఫు దాకా పోయి వచ్చాడట. ఆ ఓడ ఎంత పొడుగంటే, ముందు కొసన పుట్టిన దూడ నడుచుకుంటూ వెనక కొసకు చేరేసరికి పాలిచ్చే బర్రె అయిందట. అలల ఊపుకు పొదుగులోనే పాలు చిలికి, పితికితే వెన్న పడేదట. చచ్చినవాటిని తెల్లారగట్ల సముద్రంలోకి తోసేవారట. మటన్ దుకాణం ముందు కుక్కల్లాగ సొరచేపలు ఓడ వెనకే వచ్చేవట. నిజానికి లింగం తన జన్మలో చూసిన పెద్ద నీళ్ళు సింగూరు డ్యామే, అదీ గేట్లు మూసి ఉన్నప్పుడు.

ఈ ముచ్చటకు పక్కా శ్రోత యాదన్న. కంది ఊరి దిక్కు రైతు, లింగం కంటే పెద్దవాడు. ఎన్నిసార్లు విన్నా కడుపు పట్టుకుని నవ్వేవాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని, "పోయిన అంగడికి సొరచాప బర్రెంత ఉండె, ఇయ్యాల ఏనుగంతయింది. దానికి దాణా మంచిగనె వెడుతున్నవ్‌రా" అనేవాడు. ఆ మాట వింటే లింగానికి ఆ పూట అన్నం అక్కర్లేదు.

ఆ ఎండాకాలం చివర, బతికున్న పశువులను పరదేశాలకు పంపడాన్ని సులువు చేసే చట్టం వస్తోందని టీవీల్లో గోల మొదలైంది. పంపితే రైతుకు నాలుగు రాళ్ళు వస్తాయని కొందరు, మూగజీవాలను ఓడల్లో చంపుతారా అని ఇంకొందరు. అంగడికి కూడా టీవీ వచ్చింది. వచ్చినామె పేరు సిల్వియా, పటాన్‌చెరు పిల్ల. ఒక వార్తా చానెల్‌కు ఊళ్ళ నుంచి వార్తలు పంపుతుంది. పొద్దటి నుంచి ఎండలో తిరిగి అందరినీ అడిగింది. ఒకరు గడ్డి దొరకడం లేదన్నారు, ఒకరు వాన రాలేదన్నారు, ఇంకొకరు నీళ్ళ తొట్టి పగిలిందన్నారు. ఆమె మొహం వాడిపోయింది. అప్పుడు లింగం మీసం దువ్వుకుంటూ వచ్చి, ఓడ సంగతి తనను అడగమన్నాడు.

అడిగింది. చెప్పాడు. వెన్న దగ్గర ఆమె నవ్వలేదు. నవ్వని మనిషి లింగానికి కొత్త. బండి ఎక్కనని మొరాయించిన బర్రెను చూసినట్టు చూసి, ఇంకొంచెం బిగించాడు. చచ్చేవాటి లెక్క పెంచాడు. అయినా నవ్వలేదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లింగానికి చెమట పట్టింది. ఇక లాభం లేదని, కొనఊపిరితో ఉన్నవాటిని కూడా తోసేసేవాళ్ళమని, అవి ఓడ వెంట ఈదుతూ అరిచేవని చెప్పాడు. ఆమె కెమెరా ఆపి, దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పాశమైలారం చాయ్ హోటల్‌లో టీవీ నిండా లింగం మొహమే. కింద ఎర్రటి అక్షరాలు: ఓడలో నరకం, ప్రత్యక్ష సాక్షి. వెనక ఏడుపు వాయిద్యం. వెన్నను కోసేసి సొరచేపలను ఉంచారు. దూడ పోయింది, చావులు మిగిలాయి. బీహారు కూలీలు భయ్యా, భయ్యా అంటూ కూర్చోవడానికి జాగా ఇచ్చారు. కాసేపు లింగం ఛాతీ హోటల్ రేకుల కప్పును తాకింది. ఆ తర్వాత చాయ్ చల్లారిపోయినా తాగబుద్ధి కాలేదు. వింటున్నవాళ్ళలో ఒక్కడు కూడా నవ్వడం లేదు.

తరువాతి అంగడికి బండ్లు రాలేదు. దారిలో ఎవరో గుంపు కట్టి పశువుల బండ్లను ఆపుతున్నారని, ఏ రేవుకు తోలుతున్నారని డ్రైవర్లను కొడుతున్నారని కబురు. బండ్లు లేక కొనేవాళ్ళూ రాలేదు. అమ్మవచ్చిన రైతులు ఎండలో నిలబడి నిలబడి పశువులను మళ్ళీ ఇళ్ళకు తోలుకుపోయారు. ముఠా అంతా ఎండకు కట్టిన తాటిపత్రి పట్టా కింద ఉత్త చేతులతో కూర్చుంది. ముఠా మేస్త్రీ దశరథ్ మెల్లగా బీడీ ముట్టించుకుని మొదలుపెట్టాడు.

"ఏం లింగం, ఎన్ని బర్రెల ముంచినవ్ సముద్రంల?"

"దశరథన్నా, గది ఉత్త ముచ్చట గద. నీకెర్కలేదా?"

"నాకెర్క. టీవోళ్లకెర్కనా? నీ నోటితోని ముడేసినవ్, నీ నోటితోనె ఇప్పాలె. పోలే, సూడలే అని గా టీవీలనె చెప్పు. చెప్పేదాక దిబ్బ మీద కాలు వెట్టకు."

ఆ వారం లింగం ఒకచోట నిలవలేదు. గది నుంచి హోటల్‌కు, హోటల్ నుంచి కంపెనీ గోడ దాకా, గోడ నుంచి మళ్ళీ గదికి. ఫోన్ తీస్తే తన మొహం, మూస్తే దశరథ్ మాట. అంతలో సిల్వియా ఫోన్ చేసింది. హైదరాబాద్ స్టూడియోలో పెద్ద చర్చ ఉందట, సాక్షిగా కూర్చోవాలట, కారు పంపుతారట. అడగకుండానే దారి దొరికింది. కానీ ఆ దారిన పోవడానికి లింగం కాళ్ళు ఆడలేదు. తాను సముద్రం చూడలేదని రాష్ట్రమంతా వినేలా చెప్పాలి. చెబితే తన దగ్గర మిగిలేది ఏమిటి? ఒక కిరాయి గది, ఒక పలుపు, సింగూరు డ్యాం.

నర్సింహమ్మ చీపురు మూలకు ఆనించి అతని వాలకం చూసింది. "సముద్రం జూసొచ్చిండట. బోరింగు కాడికెల్లి బిందె తెమ్మంటె కాళ్లు రావు" అని గొణిగింది. తర్వాత దగ్గరికొచ్చి కూర్చుంది.

"పోయి చెప్పిరా. ఇజ్జత్ పోతదనుకుంటున్నవా? పనే పోతె ఇజ్జత్ ఏడ వెట్టుకుంటవ్? చెప్పనంటవా, రేపట్నుంచి నాతోని కంపెనీకి రా. డ్రమ్ములు కడిగెటోళ్లు కావాల్నంట."

కార్డు గీకే గేటు లింగం కళ్ళ ముందు కదిలింది. ఉన్నవాటిలో మంచి అంగీ తీసి ఇస్త్రీకి పట్టుకుపోయాడు.

స్టూడియోలో అతని మొహానికి పౌడరు అద్ది ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక పక్క జంతువుల కోసం పోరాడే మేడమ్, ఇంకో పక్క ఎగుమతిదారుల తరఫున మాట్లాడే సూటు మనిషి, ఎదురుగా యాంకర్. చర్చ మొదలైన దగ్గర్నుంచి అందరూ లింగం మాటనే పట్టుకుని అటూ ఇటూ గుంజారు. లింగం చేతులు వణికాయి. కొంత భయం, ఎక్కువ ఏసీ. చివరికి యాంకర్ గొంతు తగ్గించి, ఆ ఓడలో ఏం జరిగిందో మన ప్రేక్షకులకు చెప్పండి అన్నాడు.

లింగం నాలుక మీదికి ఓడ మొత్తం వచ్చింది. దూడ, వెన్న, సొరచేపలు, అన్నీ పెదవుల దాకా వచ్చి వరసగా నిలబడ్డాయి. ఒక్క గుటకతో మింగాడు.

"నేను ఓడెక్కలే సార్. సముద్రమే సూడలే. అంగడిల నవ్వుకునెనీకి చెప్పిన ముచ్చట గది."

యాంకర్ మొహం చిన్నబోతుందనుకుంటే, కళ్ళు మెరిశాయి. మిమ్మల్ని ఎవరు బెదిరించారు అని అడిగాడు. అతని చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో అంది మేడమ్. ఇన్నాళ్ళూ వీళ్ళు చెప్పిందంతా అబద్ధమేనని తేలిపోయింది అన్నాడు సూటు మనిషి. ముగ్గురూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. ఆ సందులో లింగం, అంగడిలో పశువుల నీళ్ళ తొట్టి పగిలి చాలా కాలమైందని, ఎండకు బర్రెలు నాలుక బయటపెట్టి నిలబడుతున్నాయని, తోక మెలిపెట్టేది మాత్రం నిజమేనని, తాను కళ్ళారా చూసింది అదేనని చెప్పుకుపోయాడు. ప్రకటనలు వచ్చి చాలాసేపయిందని, మైకు ఎప్పుడో ఆపేశారని, దాన్ని విప్పడానికి వచ్చిన కుర్రాడు చెప్పాడు. గోడ మీది టీవీలో అక్షరాలు పరుగెడుతున్నాయి: మాట మార్చిన సాక్షి, వెనక ఎవరు?

బయట వరండాలో సిల్వియా నిలబడి ఉంది. తొట్టి సంగతి, గడ్డి సంగతి తాను కూడా పంపానని, చానెల్ వాళ్ళు లింగం ముక్క ఒక్కటే వాడారని చెప్పింది. తర్వాత అడిగింది.

"అన్నా, నిజంగనే పోలేదా నువ్వు?"

"పోలేదు బిడ్డా."

"మరి ఆరోజు నాకు అట్లెందుకు చెప్పినవ్?"

"అందరు నవ్వుతరు. నువ్వు నవ్వకపోతివి. ఎట్ల నవ్వియ్యాల్నో తెల్వక పెంచుకుంట పోయిన."

ఆమె అప్పుడు కూడా నవ్వలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఢిల్లీలో ఆ ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు. టీవీలు వేరే గోలలో పడ్డాయి. రోడ్డు మీది గుంపులు పలచబడి, అంగడికి బండ్లు రావడం మొదలైంది. లింగం బితుకుబితుకుమంటూ వెళ్ళాడు. దశరథ్ ఏమీ అడగకుండా పలుపు చేతికిచ్చాడు. పని దక్కింది, డ్రమ్ములు తప్పాయి. లింగం ఊపిరి పీల్చుకోబోయాడు గానీ, అంగడి అంగడంతా తనను కొత్తగా చూస్తోందని అప్పుడు గమనించాడు. దారి ఇస్తున్నారు. గొంతు తగ్గిస్తున్నారు. లింగన్న మాటకు ఢిల్లీ సర్కారు భయపడిందని ఒకరు, పెద్దోళ్ళు బెదిరిస్తే పాపం మాట మార్చాడని ఇంకొకరు. తాను జన్మలో కట్టలేనంత పెద్ద కథను వీళ్ళు తాను లేని సమయంలో కట్టేశారు. కాదని చెబితే, అర్థమైందిలే అన్నట్టు తల ఊపుతున్నారు.

ఊపిరాడక, తాటిపత్రి కింద కూర్చుని స్టూడియో ముచ్చట మొదలుపెట్టాడు. అక్కడి ఏసీకి నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టే గడ్డకట్టి బల్ల మీద పడిందని, వాటిని ఏరి పొయ్యి మీద కరిగించి టీవీలో వదిలారని చెప్పాడు. చెప్పి ఆగాడు, నవ్వు వచ్చే చోట ఆగాలి గనుక. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన ముందుకు వంగి, అది కరెంటు పొయ్యా గ్యాసు పొయ్యా అని భక్తిగా అడిగాడు.

మధ్యాహ్నం యాదన్న బర్రె బేరమైంది. సూడి బర్రె, బీదర్ దిక్కు పాలవాడు కొన్నాడు. తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకున్నారు. లింగం పలుపు అందుకుని దిబ్బ మీదికి నడిపించాడు. యాదన్న వెనకే వచ్చి పలుపు మీద చెయ్యి వేశాడు.

"లింగా, దీన్ని ఓడకే తీస్కపోతున్నరా?"

లింగం నవ్వబోయాడు. యాదన్న మొహంలో నవ్వు లేదు.

"ఓడ లేదు గీడ లేదు యాదన్నా. పాలాయిన కొన్నడు. ఆయిన కొట్టం నేను జూసిన, మంచి కొట్టం."

"గట్ల చెప్పమన్నరా వాళ్లు?"

"ఎవ్వల్లు? నేను గప్పాలు గొడ్తనని నీకంటె ఎక్కువ ఎవలికెర్క? నవ్వెటోనివి నువ్వే గద."

"నవ్విన. గని నువ్వు టీవీల వణుకుకుంట చెప్పినప్పుడు నేను జూసిన. ఉత్త గప్పాలకు మనిషి గట్ల వణకడు."

యాదన్న లింగం చేతిలోంచి పలుపు తీసుకున్నాడు. ఇంట్లో గడ్డి లేదని నువ్వే అన్నావు కదా అని లింగం అడిగాడు. లేదు, ఎట్లనో సాదుకుంట అని యాదన్న బర్రెను దిబ్బ దింపాడు. పాలవాడు కేకలు వేశాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. లింగం దిబ్బ దిగి వాళ్ళ వెంట పడ్డాడు. పాలవాడి ఊరు చెప్పాడు, కొట్టం ఎట్లుందో చెప్పాడు, అక్కడ నీళ్ళ తొట్టి ఏ పక్కనుందో చెప్పాడు. ఒక్కటి కూడా పెంచలేదు. యాదన్న వింటూనే నడుస్తున్నాడు, తల ఊపుతున్నాడు, పలుపు మాత్రం వదలడం లేదు. హైవే మీద కంపెనీ బస్సులు దుమ్ము లేపుతూ పోతున్నాయి. బర్రె పక్కన లింగం, ఒకసారి ముందుకు ఉరికి, ఒకసారి వెనకబడి, ఇంకా చెబుతూనే ఉన్నాడు.