కళ్ళం అంచున బూట్లు

1941 ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం నాలుగున్నరకు మా దేవదానం మామ ఒట్టి కాలితో తన్నిన బంతి మదనపల్లె కాలేజీ మైదానంలో గోలులో పడింది. ఈ ఉదయం మోకాళ్ళకు రాసుకుందామని ఆముదం వెచ్చబెడితే, ఆ వాసనకు ముందుగా గుర్తొచ్చింది ఆ సాయంత్రమే. అప్పటికి నాకు ఆరేళ్ళు. నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. మామ అమ్మకు తమ్ముడు, మా క్వార్టర్సులోనే ఉండి చదువుకునేవాడు.

ఆట ఉన్న రోజున పుంగనూరు దగ్గరి పల్లె నుంచి అవ్వ, అంటే మామ తల్లి, ఇంట్లో వండిన ఆముదం బుడ్డితో వచ్చి, కొడుకు పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేలు వేలుకూ మర్దన చేసేది. వానకు తడిసిన ఎర్రమట్టి, గట్టు మీద అమ్మే ఉడికించిన చెనిక్కాయలు, నాన్న చొక్కాకు అంటిన ఫినాయిలు, వీటన్నిటి మధ్యా ఆముదం వాసనను బట్టే మామ యాడ ఉన్నాడో నాకు తెలిసేది.

1942లో మామ పట్టాళంలో చేరాడు. బర్మా సరిహద్దులో పనిచేసి 1946లో బూట్లతో రైలు దిగాడు. కుప్పం స్టేషను పక్కన చింతపండు, కూరగాయల మండీ పెట్టి బెంగళూరుకు సరుకు పంపేవాడు. సెలవుల్లో నేను వెళితే పచ్చి మిరపకాయల ఘాటుకు కళ్ళు మండేవి. మూటలు మోసేవాళ్ళు అతన్ని బూట్లప్ప అనేవాళ్ళు. క్రిస్మస్‌కు ఇంటికొచ్చి కజ్జికాయలు తినేటప్పుడూ, ఎండాకాలం మధ్యాహ్నం మంచం మీద వాలినప్పుడూ బూట్లు విప్పేవాడు కాదు. పట్టాళం అలవాటు అనుకున్నాం.

1949 ఫిబ్రవరిలో మామ అవ్వ పల్లెలో పంచాయతీ ప్రెసిడెంటుకు నిలబడ్డాడు. ఊరంతా ఆ గోలు కథ చెప్పుకుంటూ అతని వైపే ఉంది. అది రాగులు నూర్చే కాలం. పేడతో అలికిన కళ్ళంలో రాశి పోసి, పూజ చేసి, మర్యాద చేయదలచినవాడి చేత మొదటి మానిక కొలిపించేవాళ్ళు. ఆ కళ్ళంలోకి చెప్పులతో ఎవరూ అడుగు పెట్టరు. పెద్ద రైతు మునెప్ప మామను పిలిచాడు. నేను, అవ్వ గడ్డివామి పక్కన నిలబడ్డాం.

"రాప్పా, మొదటి మానిక నీదే. ఆ బూట్లు ఆడ ఇడిసి రా."

"నేను ఈడ్నే ఉంటా. నువ్వు కొలువన్నా."

"యాల? మా కళ్ళం నీ కాళ్ళకు ఆనదా? ఒట్టి కాళ్ళతోనే గదప్పా గోలు కొట్టింది."

ఎవరో నవ్వారు. "దొర అయిపోయినాడులే" అన్నాడు ఇంకొకడు. మామ కళ్ళం అంచునే నిలబడి, నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాడు. మునెప్ప మానిక కింద పెట్టేశాడు. పై వారం ఎన్నికలో మామ ఓడిపోయాడు.

మరునాడు పొద్దున అవ్వ ఆముదం వెచ్చబెట్టి అతని ముందు కూర్చుంది.

"కాళ్ళు సాపు నాయనా."

"వద్దులేమ్మా."

"నువ్వు రైలు దిగిన దినమే నీ నడక సూసినా. ఎన్ని పోయినాయో సూపీ."

మామ కుడి బూటు విప్పాడు. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు లేవు. బురదలో నాని కుళ్ళితే పట్టాళం డాక్టర్లు తీసేశారట.

"ఇది కళ్ళంలో సూపించింటే గెలిచిండేవాడివి గదా" అంది అవ్వ.

"వాళ్ళు సూడాలనుకునింది గోలు కొట్టిన కాలును. లేని వేళ్ళు సూపించి ఓట్లు అడుక్కోమంటావా?"

అవ్వ మిగిలిన రెండు వేళ్ళకూ, లేని మూడింటి చోటా ఆముదం రాసింది.

మామ మళ్ళీ ఎన్నికల మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆ మైదానం చుట్టూ గోడ కట్టారు. నా ఆముదం కొట్టు నుంచి సీసాలో వస్తుంది, వాసన తక్కువ. పోయినవి ఇవీ: మూడు వేళ్ళు, ఒక ప్రెసిడెంటు పదవి, కుప్పంలో మండీ, పల్లెలో కళ్ళం, మామ, అవ్వ.