తువాల కింద బేరం

మా తమ్ముడు గంగాకిషన్ ఆర్మూర్ గంజు మార్కెట్ల పసుపు దలాలు. కొనే సేటు చెయ్యి పట్టుకొని, పైన తువాల కప్పి, వేళ్లు ఒత్తి ధర తేల్చుడు వాని పని. అక్కడ నోరు విప్పడు. ఇంట్ల మూయడు, అది వేరే సంగతి. నేను చెప్పేది వాని బిడ్డ అంజమ్మ సంగతి.

అంజమ్మ చిన్నప్పటి సంది ఆ తువాల పక్కనే కూసునేది. "బాపు, నా చెయ్యి గూడ పెట్టనీ" అంటే "ఆడపోరికి దలాలీ ఎందుకే" అని కసిరేటోడు. గందుకే గావచ్చు, కనబడనిదాన్ని పట్టుకునే చదువు చదివింది. బొంబాయిల చుక్కల సంగతి చూసే ఆఫీసుల చేరింది. ఆకాశంల తిరిగే మిషన్ పంపే లెక్కలు చూసుడు దాని పని.

తొంభై ఆరుల, వానలు పడ్డంక ఇంటికొచ్చింది. "ఇగ పోయేది లేదు. సంబంధం చూసిన" అన్నడు కిషన్.

పోరి మొకం మాడిపోయింది. "బాపూ, మా చుక్క గిప్పుడే చెలరేగుతున్నది. గిప్పుడు ఇడిసిపెడితే ఇన్నేండ్ల నా పని ఇంకొకల చేతికి పోతది."

"ఏం చుక్కనే? చూపియ్యి."

సంచిలకెళ్లి కాయితం తీసింది. అన్నీ ఎగుడుదిగుడు గీతలే.

"గిది చుక్కనా? కోడి గీకినట్టున్నది" అన్న నేను.

"అత్తమ్మా, అక్కడ రెండున్నయి. ఒకటి చుక్క. రెండోదాన్ని బ్లాక్ హోల్ అంటరు. వెలుగును గూడ మింగుతది, అందుకే కనబడది. పక్కనున్న చుక్క సరుకును గుంజుకుంటది. ఆ సరుకు గిరగిర తిరుక్కుంట, పాలిష్ డ్రమ్ముల పసుపు కొమ్ముల లెక్క రాసుకొని రాసుకొని మండుతది. అప్పుడు ఎక్స్-రేలు లేస్తయి. గా గీతలు గవే."

"పక్కోని సరుకు గుంజుకొని, కనబడకుంట కూసుంటదా? అయితే గది దలాలే!"

పోరి పడిపడి నవ్వింది. కిషన్‌కు గూడ నవ్వొచ్చింది గని మీసాల కింద దాచుకున్నడు. "కనబడకపోతే ఉన్నదని ఎట్లంటవు బిడ్డా?"

"తువాల కింద నీ వేళ్లు నాకెన్నడు కనబడ్డయి బాపు? సేటు మొకం చూసి ధర చెప్పలేదా నేను?"

కిషన్ భుజం మీది తువాల తీసి చెయ్యి జాపిండు.

"రా. ఇంకెన్నేండ్లు గావాలె? బేరమాడు."

మా ఇంట్ల ఆడపోరి చెయ్యి ఆ తువాల కిందికి పోవుడు అదే మొదలు.

తువాల ఇటు కదిలింది, అటు కదిలింది. కిషన్ తల అడ్డంగ ఊపిండు. పోరి పెదవి కొరుక్కొని మళ్ల ఒత్తింది.

"తమ్మీ, కన్నబిడ్డ కాడ గూడ కమిషన్ తింటవా? జల్ది తెంపు!" అని కసిరిన.

తువాల ఆగింది.

ఎన్నేండ్లకు తెగిందో ఇద్దరిల ఒక్కలు గూడ నాకు చెప్పలే. నేను అడగలే. పోరి మొకం చూసిన, అప్పుడే డ్రమ్ములకెళ్లి తీసిన కొమ్ము లెక్క మెరుస్తున్నది. వంటింట్లకు పోయి, బొంబాయి దాకా సరిపోయేటట్టు జొన్నరొట్టెలకు పిండి కలుపుకుంట కూసున్న.

"సంబంధపోళ్లకు నువ్వే చెప్పుకో" అని వంటింట్ల నుంచే కిషన్‌కు కేకేసిన.