రజియా రాతకు నేను చేసిన ద్రోహం

ఏళ్ళ తరబడి ఒక మాట మోస్తున్నాను. నేను రాసిన మాటే. గట్టిగా చూస్తే మూడు నాలుగు వాక్యాలు. రాయడానికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. దించుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది. మీరు నా బ్లాగు మొదటినుంచీ చదువుతున్నవాళ్ళు. మా ఇంటి సంగతులన్నీ తెలిసినవాళ్ళు. ఇది ఒక్కటే మీకు చెప్పలేదు.

నాకు స్ఫూర్తినిచ్చిన తోటి బ్లాగర్ల గురించి రాయమని మీలో చాలామంది అడిగారు. ఎన్నోసార్లు మొదలుపెట్టి ఆపేశాను. అది ఎవరి పేరుతో మొదలవ్వాలో నాకు తెలుసు. ఆ పేరు రాశాక నిజం దాచలేననీ తెలుసు.

ఆమె పేరు రజియా. డోర్నకల్ అమ్మాయి. వాళ్ళ నాన్నది రైల్వేలో పని. స్టేషన్ పక్క క్వార్టర్లలో పుట్టి పెరిగింది.

వరంగల్ మట్టెవాడలో మా చీరల దుకాణం. మధ్యాహ్నం బేరాలుండవు. అలాంటి ఒక మధ్యాహ్నం కౌంటర్ మీది కంప్యూటర్లో ఆమె బ్లాగు కనిపించింది. "మా ఇంట్ల గడియారం లేదు" అని మొదలైంది. "పొద్దుగాల ప్యాసింజర్ పోతె అమ్మి పొయ్యి అంటిస్తది. బండి లేటయితె మా చాయ్ గూడ లేటే." అమ్మి అంటే వాళ్ళమ్మ. నవ్వుకుంటూ కిందిదాకా చదివాను. చివర్లో ఇలా ఉంది: "అమ్మి పోయిన నాడు బండి టైముకే వచ్చింది. పొయ్యి ఎవ్వరు అంటియ్యలే."

అక్కడ ఆపేసింది. నేనైతే అక్కడ ఇంకో పేరా ఏడ్చేదాన్ని.

అప్పట్లో నా రాత ఎలా ఉండేదో పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. చినుకు పడితే చాలు, వర్షధారల మృదంగనాదం అనేదాన్ని. మా ఇంట్లో వాన అని కూడా అనరు, 'ఆన' అంటారు. దుకాణానికి వచ్చినవాళ్ళతో "గీ అంచు జూడు బిడ్డా, ఎట్ల మెరుస్తాందో" అని నోరారా మాట్లాడి, రాయడానికి కూర్చోగానే వేరే మనిషినయ్యేదాన్ని.

ఆ వారమే నేనూ ఒకటి రాశాను. పట్టించుకున్నవాళ్ళు లేరు. రజియా రాసినదాని కింద మాత్రం జనం. ఒకరు వాళ్ళమ్మ గుర్తొచ్చిందన్నారు. ఇంకొకరు ఇంట్లో అందరికీ చదివి వినిపించామన్నారు. చదువుతూ పోయాను. తర్వాత, పేరు చెప్పకుండా వ్యాఖ్య పెట్టేవాళ్ళకోసం అక్కడ ఉండే 'అజ్ఞాత' అన్న గుర్తు నొక్కాను. ఇలా రాశాను: "ఇది తెలుగేనా? ముందు భాష నేర్చుకుని తర్వాత రాయండి. ఇంట్లో మీరు ఎలా మాట్లాడుకున్నా మాకు అభ్యంతరం లేదు. దాన్ని రచన అని మా మీద రుద్దకండి."

కాసేపటికి నా పేరుతో కూడా ఒకటి పెట్టాను. "చాలా బాగుంది రజియా. కళ్ళు చెమర్చాయి." అదీ నిజమే. రెండూ ఒకే చేత్తో రాశాను.

ఎందుకు చేశాను? అసూయ అనుకుంటే తేలికే. కానీ అదొక్కటే కాదు. నేను దాచుకున్న మాటలు, మా అమ్మ మాట్లాడే మాటలు, ఆమె ఏ సిగ్గూ లేకుండా అందరి ముందూ పెట్టింది. ఆమె సిగ్గుపడకపోతే ఇన్నాళ్ళు నేను పడిన సిగ్గుకు అర్థమేముంది? నన్ను కుట్టింది అదే అనుకుంటాను.

కొన్నాళ్ళకు చుట్టాల పెళ్ళికి బట్టలు కొందామని రజియా వరంగల్ వచ్చింది. మా దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. అప్పటిదాకా మాకు రాతల్లోనే పరిచయం. చీరలు పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"అక్కా, ఒకటడుగుత. నిజం చెప్పాలె. నా రాత గంత పాడుగుంటదా?"

"ఎవలన్నరు?"

"పేరు పెట్టలే. అప్పటిసంది రాద్దామని కూసుంటె చెయ్యి ఆడ్తలేదు. బంద్ జేద్దామనుకుంటాన."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. వచ్చిన మాట మింగి వేరే మాట అన్నాను.

"ఫికర్ జెయ్యకు. కాకపోతె జర పుస్తకాల తీరు రాయరాదు? అందరు సదువుతరు."

"నువ్వు చెప్తానవంటె నిజమే ఉంటది తియ్యి అక్కా" అంది.

నేను రాసినవాటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కోసేది ఆ నమ్మకమే. అజ్ఞాత మాటకు ఆమె ఇంకా ఎదురు నిలబడేదేమో. నా మాటకు తలవంచింది. తర్వాత బ్లాగులో పెట్టిన టపాల్లో వాళ్ళ అమ్మి 'మాతృమూర్తి' అయింది. చాయ్ 'తేనీరు' అయింది. రెండో మూడో అలా రాసి ఆపేసింది. బ్లాగు మూగబోయింది.

ఆమె రాయని ఆ ఏళ్ళలోనే నేను రాయడం నేర్చుకున్నాను. ఎవరి దగ్గర? ఆమె దగ్గరే. పాత టపాలు తెరిచి, దుకాణంలో ఎవరూ లేనప్పుడు పైకి చదువుకునేదాన్ని. ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుంటుందో చూసేదాన్ని. దుఃఖం వచ్చిన చోట ఆమె వాక్యం చిన్నదైపోతుంది. కోపమొస్తే మనుషుల్ని వదిలేసి గిన్నెల గురించి, తలుపుల గురించి రాస్తుంది. ఎవరినీ వెక్కిరించకుండా నవ్విస్తుంది. ఆ చదువు వల్లే ఒకనాడు మా అమ్మ గురించి, మా అమ్మ మాటల్లోనే, మొదటిసారి రాయగలిగాను. ఆ టపా మీకందరికీ నచ్చింది. "ఈ యాస ఇంత తియ్యగా ఎలా రాస్తారు?" అని అడిగారు. నవ్వి ఊరుకున్నాను. మా అమ్మను నాకు తిరిగి ఇచ్చిన మనిషి పేరు అప్పుడైనా చెప్పలేదు.

ఈమధ్య రజియా మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. మొదటి టపాలోనే తనకు నచ్చిన బ్లాగర్లను తలుచుకుంది. అందరికన్నా ముందు నన్ను. "ఈ అక్క రాసినయి సదివినంకనే మన మాటల్ల గూడ రాయొచ్చని మళ్ళ ధైర్నమొచ్చింది" అని రాసింది.

కౌంటర్ దగ్గరే ఏడ్చాను. చీర చూస్తున్న పెద్దావిడ కంగారుపడి, "దవాఖానకు పోదమా బిడ్డా?" అని అడిగింది.

ఆ రోజే రజియాకు ఫోన్ చేసి అంతా చెప్పాను. సాకులు చెప్పబోయాను, అవి నాకే వినబుద్ధి కాలేదు. అంతా విని మెల్లగా అంది: "అక్కా, గా మాట నలుగురు చూడంగ అన్నవు. గిది నా ఒక్కదాని చెవుల చెప్తె ఎట్ల?"

ఫోన్ పెట్టేసింది.

నిజమే కదా. అందుకే మీ ముందు చెప్తున్నాను. ఆ అజ్ఞాత నేనే. రజియా చేత రాయడం మాన్పించింది నేను. మీరు ఇన్నేళ్ళుగా నాలో మెచ్చుకున్న నడక రజియాది. ఆ మెప్పులో ఆమెకు రావాల్సింది ఆమెకు ఇవ్వండి. ఆమె రాతలు చదవండి, పాతవి ముందు.

క్షమించమని ఆమెను అడగలేదు. అడిగితే, క్షమించాల్సిన బరువు కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుంది. ఆమె ఇకమీదట నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. మాట్లాడకపోయినా ఆమె రాస్తుంటుంది, నేను చదువుకుంటాను. ఇన్నాళ్ళూ ఆమెను మెచ్చుకోవాలంటే లోపల ఏదో అడ్డం పడేది. ఇవాళ మనసారా మెచ్చుకోగలిగాను.